ఊట

గిన్నెలు తోమితే పాచిపని అంటారు.
పాచిని పెంచితే ఏమంటారో
యూనివర్సిటీ రిజిస్టరులో గడి లేదు.
అటెండరు అని రాసుకున్నారు.

మేడమీద పద్నాలుగు తొట్లు.
తిరుపతి ఎండకు క్యూ లేదు, టికెట్టు లేదు,
నేరుగా వచ్చి నీళ్లలో కూర్చుంటుంది.
పొద్దున ఏడుకి లేత చింతాకు రంగు,
పదకొండుకి ముదురుతుంది.
చెయ్యి పెడితే మోచేతిదాకా
పచ్చగా, జిగటగా, పట్టుకోనీకుండా.

ఫర్హానా మేడం మదనపల్లి పిల్ల.
నాకన్నా ఇరవయ్యేళ్లు చిన్న.
"అక్కా, ఎండను తిని
ఇది లోపల పిండి దాచుకుంటుంది.
పిండిని చక్కెర చేసి ఈస్టుకిస్తే
బండి నడిపే సారం" అంది.
సారం అంది.
నాకు ఇంకోటి వినిపించింది.

మాయమ్మ దొరసానమ్మ
భాకరాపేట అడివంచున
నల్లబెల్లం, తుమ్మచెక్క ఊరేసేది.
కుండను గొంతుదాకా పూడ్చి
పైన చెనిక్కట్టె పరిచేది.
మూడోనాడు చెవి ఆనించి
"మాట్లాడతా ఉంది" అనేది.
మాట ఆగినాక పొయ్యి వెలిగించేది.
పీలేరు నుంచి జీపొచ్చిన రోజు
ఊటంతా వంకలో పారబోశారు.
రెండు కుక్కలు తాగి తూలినాయి.
ఊరు నవ్వింది. మాయమ్మ కూడా నవ్వింది,
జీపెక్కేదాకా.

ఇక్కడ కుండ గాజుది.
వాలుగా గాజు గొట్టం, దాని చుట్టూ చన్నీళ్లు.
అక్కడ తడిగుడ్డ;
వేడెక్కినప్పుడల్లా గుడ్డ మార్చే పిల్లను నేను.
చూడగానే పోల్చుకున్నాను.
చెప్పలేదు.

మూడు దఫాలు పాడైంది.
పుస్తకాలు తిరగేశారు, ఆమ్లం తగ్గించారు,
హైదరాబాదుకు ఫోన్లు చేశారు.
నాలుగోసారి, రెండోరోజు రాత్రి
తలుపు తీయగానే పుల్లమజ్జిగ వాసన.
రావాల్సింది మాగిన అరటిగెల వాసన.
"మేడం, ఇది పెరుగుదోవ పట్టింది,
పారబోసేయండి."
తెల్లారి మీటరు కూడా అదే మాట చెప్పింది.
"నీకెట్లా తెలుసక్కా?"
దోసెపిండి రుబ్బేదాన్ని కదా, అన్నాను.

ఐదోసారి
ఎవరూ లేనప్పుడు సీసాకు చెవి ఆనించాను.
మాట్లాడతా ఉంది.
ఆ బుడగల గాలిని కూడా పోనీకుండా
సన్నగొట్టంతో మేడమీది తొట్లలోకి తోలింది ఫర్హానా.
ఊట విడిచిన ఊపిరి పాచికి అన్నమట.
విడిచిన ఊపిరికీ లెక్క ఉంటుందని
మాయమ్మకు ఎవరూ చెప్పలేదు.

తొలిచుక్కలు పళ్లెంలో పోసి
అగ్గిపుల్ల గీసింది.
మంట కనపడక మళ్లీ గీయబోయింది.
లైటు ఆర్పమన్నాను.
చీకట్లో నీలంగా, అరిచెయ్యంత.
పసుపు కొస లేదు.
నీళ్లు కలవలేదు.

పద్నాలుగు తొట్లు, ఇరవైమూడు రోజులు,
సీసాలో అరలీటరు కూడా లేదు.
పెట్రోల్లో కలిపి
తోటల్లో మందుకొట్టే ఇంజనులో పోస్తే
పదకొండు నిమిషాలు తిరిగి ఆగింది.
"కరెంటు ఖర్చు వేస్తే నష్టమే" అంది ఫర్హానా.
అని, పుస్తకం తీసి రాసుకుంది.
నష్టాన్ని అంత శ్రద్ధగా
అంకెలేసి, గీత గీసి, తేదీ పెట్టి
రాసుకునే మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

ల్యాబు గోడకు అద్దం కట్టిన కాగితం ఒకటుంది.
ఈ గదిలో ఇంత స్పిరిటు తీయొచ్చని
ఎక్సైజు వాళ్ల అనుమతి.
కింద గుండ్రటి ముద్ర.
మాయమ్మ వేలిముద్ర వేసిన పంచనామా మీద
పక్కనే ఉండింది అట్లాంటిదే.
దుమ్ము తుడిచేది నేనే.
ముద్ర దగ్గర గుడ్డ కాస్త ఆగుతుంది.

ఇంటికి పోయేసరికి మనవడు
గోళ్లు పట్టుకుని చూశాడు.
"ఏందవ్వా, పచ్చగా?"
పాచిరా, అన్నాను.
కడుక్కో, అన్నాడు.